నేను చూశానని చెప్పిన పుస్తకం

గ్రీకు మాస్టారు పోయారని నాకు సాంబయ్య చెప్పాడు. తెనాలి స్టేషన్లో రేపల్లె ప్యాసింజరు ఎక్కుతూ, ఒక కాలు మెట్టు మీద ఉండగానే చెప్పేశాడు. లోపలికెళ్లి కూర్చుని, అలవాటు ప్రకారం నా మొహంలోకి చూశాడు. ఎవరు పోయినా వాళ్ల మీద నేనొక కథ చెప్పాలి. మా రైలుపెట్టెలో అది రివాజు. తాలూకా ఆఫీసు బంట్రోతు పోయినప్పుడు, ఆయన యమదూతల్ని కూడా వరండాలో బల్ల మీద కూర్చోబెట్టి, అయ్యగారు భోజనానికెళ్లారు, మూడింటికి రండి అన్నాడని చెప్పాను. ఆ బంట్రోతు కొడుకు కూడా నవ్వాడు.

ఆ రోజు బండి చినరావూరు దాటింది, జంపని దాటింది. నా నోరు తెరుచుకోలేదు. వేమూరులో సాంబయ్య నా మోకాలి మీద తట్టి, "ఏంటి, ఒంట్లో బాగాలేదా?" అన్నాడు. బాగానే ఉందన్నాను.

నా సంగతి ముందే చెప్పేస్తే మంచిది. రేపల్లెలో కాలవల ఆఫీసులో గుమాస్తాని. కాపురం తెనాలిలో. సాంబయ్యదీ మా ఆఫీసే. పదిహేనేళ్లుగా పొద్దున పోయి సాయంత్రం వచ్చే రైల్లో నా వృత్తి వేరు: అబద్ధాలు చెప్పడం. జంపని దగ్గర చెరకు తోటల పక్క కాలవలో బొమ్మిడాయలు తియ్యగా ఉంటాయని, షుగరున్నవాళ్లు పులుసు పెట్టుకోకూడదని చెబితే, ఒకాయన నిజంగానే వాళ్లావిణ్ణి కనుక్కోమన్నాడట. అంతవరకే నా పరువు. మిగతావాళ్లందరూ అబద్ధమని తెలిసి, నవ్వుకోవడానికి వినేవాళ్లు. ఏది చెప్పినా నమ్మినాయన ఆ పెట్టెలో ఒక్కరే.

ఆయన పేరు రాయను. నాకు తెలియక కాదు. నేను రాసేదానిలో ఆ పేరుండటం బాగుండదు.

రేపల్లెలో లెక్కల మాస్టారుగా చేసి రిటైరయ్యారు. లూథరన్ కుటుంబం. భార్య ఎప్పుడో పోయారు, పిల్లల్లేరు. మా బండిలో ఆయన్ని మొదట చూసింది పంతొమ్మిది వందల ఎనభై అయిదులోనో ఆరులోనో. నెలకు రెండుసార్లు, శుక్రవారం సాయంత్రం రేపల్లెలో ఎక్కి మాతో తెనాలి వచ్చేవారు. తెనాలిలో బండి మారి బాపట్ల. అక్కడొక రిటైరైన పాస్టరుగారింట్లో శనాదివారాలుండి, సోమవారం పొద్దున మళ్లీ మా బండిలోనే రేపల్లె. ముక్కు మీద ఒక కళ్లజోడు, నుదుటి మీద ఇంకొకటి. పాత ప్యాంటు గుడ్డతో కుట్టించిన సంచి, అందులో లావుపాటి పుస్తకం, ఒక నోటుబుక్కు, స్కూల్లో పిల్లల్ని కొట్టడానికి కాదు గీతలు గీయడానికే వాడానని ఒట్టేసి చెప్పే చెక్క స్కేలు. ఆ స్కేలు పంక్తి కింద పెట్టుకుని, పెదాలు కదుపుతూ చదివేవారు. బండి కుదుపుకి స్కేలు జరిగితే ఆ వాక్యం మొదటికొచ్చి మళ్లీ మొదలు. కిటికీ పక్కన ఖాళీ ఉన్నా కూర్చునేవారు కాదు. గాలి పేజీలు తిప్పేస్తుంది, నా బదులు అదెందుకండీ చదవడం, అనేవారు.

ఆయన చదివేది సెప్టువజింటు. యూదుల లేఖనాలను రెండు వేల ఏళ్ల పైమాట, ఐగుప్తు దేశంలో గ్రీకు భాషలోకి తెచ్చారు. డెబ్బైమంది పెద్దలు కలిసి చేశారని దానికి ఆ పేరు. ఈ సంగతులన్నీ ఆయన చెబితే నేర్చుకున్నవే. లెక్కల మాస్టారికి గ్రీకెందుకండీ అని మొదట్లో ఎగతాళిగా అడిగాను. ఆయన దాన్ని మామూలు ప్రశ్నే అనుకున్నారు.

"నలభై ఏళ్లు కోణాలకి ఆల్ఫా, బీటా, థీటా అని పేర్లు పెట్టానండి. బోర్డు మీద వాటిచేత కూలిపని చేయించాను. వాటికీ ఒక ఊరు, ఒక ఇల్లు ఉంటుంది కదా. రిటైరయ్యాక వెళ్లి చూసొద్దామనిపించింది."

పుస్తకం బాపట్ల పాస్టరుగారిది. నిఘంటువూ ఆయనదే, కానీ అది రైలెక్కే సైజు కాదు. అందుకని తెలియని మాటలన్నీ చీటీ మీద రాసుకుని, పదిహేను రోజులకొకసారి బాపట్ల పోయి, అర్థాలు చూసుకుని వచ్చేవారు. నోటుబుక్కులో ఒక్కొక్క వాక్యానికి ఒక్కొక్క పేజీ. పైన ‘దత్తాంశం’ అని రాసి గ్రీకు. దాని కింద ‘ఉపపత్తి’ అని రాసి, మాట మాటకీ కారణం. అట్టడుగున రెండు గీతల మధ్య తెలుగు. జామెట్రీ చేసిన చెయ్యి, ఇంకోలా రాయలేదు.

చేప మింగిన ప్రవక్త కథ ఉంది చూశారూ, నాలుగే అధ్యాయాలది, దాన్ని గ్రీకు నుంచి నేరుగా తెలుగులోకి తేవాలని ఆయన పని. దానికాయన ఒక నియమం పెట్టుకున్నారు. బతికున్న మనిషి నోట వినని మాట రాయకూడదు. "వినలేదండి, రాయను" అనేవారు. పేజీ అంచున ఆ మాట అన్నవాళ్ల పేరు, ఊరు. తుఫానులో పడవ పగలబోతున్న చోట ఆయన కలం ఆగిపోతే, పల్లికోనలో గంపతో ఎక్కిన చేపలమ్మిని అడిగారు. ఆవిడ "చెక్కలు ఇడిపోతన్నయ్యంటామయ్యా" అంది. అది రాసుకుని పేరడిగారు. "పేరెందుకు, పోలీసోళ్లకా?" అంది. "లేదమ్మా, పుస్తకానికి" అన్నారు. ఆవిడ పేరు చెప్పడమే కాదు, స్పెల్లింగు సరిగ్గా రాశారో లేదో వంగి చూసింది. ఆవిడకి చదువు రాదు.

నా పేరు కూడా ఎక్కింది ఆ అంచు మీద. ఒకసారి మా ఆఫీసులో హెడ్ క్లర్కు జీపులో నిద్రపోతుంటే ఆయన గురకకి డ్రైవరు హారను కొట్టడం మానేశాడని చెబుతున్నాను. మాస్టారు స్కేలు పక్కన పెట్టి, ఆ మాట మళ్లీ అనండి అన్నారు. ఏ మాటండీ? "గుర్రుపెట్టి." రాసుకున్నారు. తుఫాను రేగుతుంటే ప్రవక్త పడవ అడుగున పడుకున్నాడు కదా, హీబ్రూలో గాఢనిద్ర అనే ఉందట. గురక మాత్రం గ్రీకు పెద్దలు కలిపారట. అయితే వాళ్లు మావాళ్లేనండి, అన్నాను. ఆయనకి నవ్వాపుకోవడం చేతకాదు, భుజాలు కదిలిపోతాయి.

"మీ నోట్లో మాటలు బతికున్నాయండి, గుమాస్తాగారూ" అన్నారు. నన్ను ఎప్పుడూ అలాగే పిలిచేవారు. ఆ మాట నాకు ఎంత ఎక్కిందో చెప్పలేను. మిగతావాళ్లు నా మాట విని నవ్వి మర్చిపోయేవాళ్లు. ఈయన రాసుకున్నారు.

డెబ్బైమంది పెద్దల కథ ఇంకొకటుంది. వాళ్లని ఒక దీవిలో పెట్టి, ఒక్కొక్కరికి ఒక్కొక్క గది ఇచ్చి తలుపులేస్తే, అందరూ విడివిడిగా చేసిన అనువాదం అక్షరం పొల్లుపోకుండా ఒక్కటే అయిందట. నాకా కథ తెగ నచ్చింది. నా లెవెల్లో ఉంది. మాస్టారికి నచ్చదు.

"డెబ్బైమందికి అక్షరం తేడా లేకుండా ఒకే జవాబొస్తే లెక్కల మాస్టారేమంటాడండి? కాపీ కొట్టారంటాడు" అన్నారు. పెట్టంతా నవ్వింది. ఆయన నవ్వలేదు. పని చేసినవాళ్లకి అద్భుతం అంటగడితే వాళ్ల చెమట కనపడకుండా పోతుందండి, వాళ్లు కొట్టేసి రాసుకున్న మాటలు, దెబ్బలాడుకున్న రోజులు ఏమైపోయినట్టు, అన్నారు.

అలాంటి మనిషితో నేను ఆడిన ఆట ఇది.

ఎనభై ఎనిమిది ఎండాకాలం. శుక్రవారం సాయంత్రం భట్టిప్రోలు ఇవతల సిగ్నలు లేక బండి ఆగిపోయింది. పొలాల్లోంచి వేడిగాలి. మాటలేవీ లేక అందరూ నా వైపు చూస్తున్నారు. మాస్టారు ఆ రోజు ఉషారుగా ఉన్నారు. మూడు అధ్యాయాలు అయిపోయాయట, ఒక్కటే మిగిలిందట, తెనాలిలో ప్రెస్సాయన చిన్న పుస్తకంగా వేస్తానన్నాడట. తనకి తెలిసినంతలో గ్రీకు నుంచి నేరుగా దీన్ని తెలుగు చేసినవాళ్లు లేరనుకుంటానని, ఏదో తప్పు ఒప్పుకుంటున్నట్టు తల దించుకుని అన్నారు. సాంబయ్య నా పక్కటెముకల్లో పొడిచాడు.

నాకు ఆలోచన అక్కర్లేదు, నాలుక చాలు. లేకేమండీ, సముద్రం పక్కన అడవులదీవి ఊళ్లో ఉంది కదా అన్నాను. మా అత్తగారి తరపు వాళ్లున్నారక్కడ, వాళ్ల పక్కింట్లో వలలు దాచుకునే కొట్టంలో చెక్కపెట్టె ఉంది, అందులో పుస్తకం. ఎప్పుడో వాళ్ల తాతల కాలంలో ఓడ బద్దలై ఒక పరదేశి ఒడ్డుకి కొట్టుకొచ్చాడు. మళ్లీ ఓడెక్కడానికి భయం వేసి ఆ ఇంట్లోనే పన్నెండేళ్లుండిపోయాడు. తెలుగు నేర్చుకుని ఈ కథ రాశాడు. ఎడమ పేజీ గ్రీకు, కుడి పేజీ తెలుగు. కొత్త పడవ నీళ్లలోకి దించేటప్పుడు ఆ పెట్టెకి కొబ్బరికాయ కొడతారు.

రైల్లో మావాళ్లు ఒక్కరూ నవ్వలేదు. అది వాళ్ల వంతు సాయం. మాస్టారు స్కేలు తీసి, పుస్తకం మూసి, నుదుటి మీది కళ్లజోడు కిందికి దించుకుని నన్ను చూశారు.

"మీరు చూశారాండి?"

అక్కడ ఆపి ఉండొచ్చు. నవ్వేసి, ఊరికే అన్నానండి అంటే ఆయనా నవ్వేవారు.

"చూడటమేంటండి, ఈ రెండు చేతులతో పట్టుకున్నాను. బరువుగా ఉంది."

ఆ ‘బరువుగా ఉంది’ అన్న ముక్క నా పనితనం.

మర్నాటి నుంచి ఆయన పని ఆపేశారు. ప్రెస్సాయనకి ఆగమని కబురు పెట్టారు. నాకిది పదిహేను రోజుల తర్వాత తెలిసింది. ఎందుకండీ అంటే, ముందే ఒక పెద్దాయన చేసి ఉంటే ఆయన్ని చూడకుండా నాది అచ్చేసుకోవడం ఏం మర్యాద అన్నారు. చూసి రాయడానికి కాదట. నేను తప్పిన చోట ఆయన నన్ను పట్టుకోవాలి, ఆయన తప్పిన చోట నేను జాగ్రత్త పడాలి, అన్నారు.

రేపల్లెలో బస్సెక్కి అడవులదీవి వెళ్లారు. నేను తేలిగ్గానే ఉన్నాను. అలాంటిదేమీ లేదని వాళ్లు చెబుతారు, సోమవారం వచ్చి నన్ను నాలుగు తిడతారు, ఆ తిట్లతో నాకింకో కథ తయారవుతుంది. కానీ మా వైపు పద్ధతి ఒకటుంది, అది మర్చిపోయాను. వయసు మళ్లినాయన, చదువుకున్నాయన, ఎండనపడి ఇంటికొచ్చి ఒక సంగతి అడిగితే లేదని మొహం మీద అనరు. కూర్చోబెట్టి, ఉండే ఉంటదండీ, పెద్దోళ్లనడగాల, అంటారు. ఆయన పెద్దవాళ్లని అడిగారు. తొంభై ఏళ్ల ముసలమ్మ ఒకావిడ, చిన్నప్పుడు అలాంటి పెట్టె చూసినట్టే ఉందంది.

సోమవారం ఆయన నా దగ్గరికొచ్చి రెండు చేతులూ పట్టుకున్నారు. "మీరన్నది నిజమేనండి. ఒకావిడ చూసిందట." సాంబయ్య కిటికీలోంచి బయటికి చూస్తూ నవ్వాపుకున్నాడు.  నేను పుట్టించినదానికి నాకు తెలియకుండా సాక్షి పుట్టింది.

మొత్తం ఎనిమిదిసార్లు వెళ్లారు. వెళ్లిన ప్రతిసారీ కొత్త దారి చూపింది నేనే. పెట్టె అల్లుడింటికి పోయిందటండి, అన్నాను. పరాయివాళ్లకి చూపిస్తే వేట పడదని భయమటండి, అన్నాను. రైల్లో మావాళ్లకి ఇది సీరియల్లా అయింది. మాస్టారూ దొరికిందా, అని ఒకరు మొదలుపెట్టడం, ఆయన ఓపిగ్గా చెప్పడం, దిగాక ప్లాట్‌ఫారం మీద అందరూ విరగబడి నవ్వడం. నేనూ నవ్వాను. ఇంటికి పోయాక మాత్రం మా ఆవిడ పెట్టిన అన్నం సయించేది కాదు. ఆవిడకి చెప్పలేదు. చెబితే ఆ రాత్రికే రేపల్లె పంపిస్తుంది.

నిజం ఎందుకు చెప్పలేదని ఇప్పుడు నన్ను నేను అడిగితే గొప్ప కారణమేమీ దొరకదు. నన్ను నమ్మే మనిషి ఒక్కడున్నాడు, ఆ నమ్మకం పోతుందని భయం. అంతే.

రెండో ఏడు ఒక శుక్రవారం తెనాలిలో బండి దిగాక ఆయన చీటీ నాకిచ్చి చదవమన్నారు. ఆయన చేత్తో రాసుకున్న చీటీయే. కళ్లజోడు మర్చిపోయారా అంటే, లేదండి, రెండూ ఉన్నాయి అన్నారు. బాపట్లలో కళ్ల డాక్టరు నీటికాసులు, చూపు మెల్లగా పోతుంది అన్నాడట. ఆలస్యంగా వచ్చారన్నాడట. ఊరు నాశనమవుతుందని ప్రవక్త ఆ ఊరివాళ్లకిచ్చిన గడువు మన బైబిల్లో నలభై రోజులు, గ్రీకులో మూడే రోజులు. ఆ తేడా గురించి ఆయన చాలాసార్లు చెప్పారు. ఆ రోజు కూడా దాన్నే పట్టుకున్నారు. "నా గడువు గ్రీకు లెక్కలో నడుస్తోందండి" అని భుజాలు కదిపారు. నవ్వుతున్నారో లేదో నాకు తెలియలేదు, నేను చీటీ చూస్తున్నాను.

అప్పుడు చెప్పాలి కదా. నోటిదాకా వచ్చింది. బాపట్ల బండి కూడా వచ్చింది. ఆయన్ని ఎక్కించి చెయ్యూపాను.

తొంభైలో, ఎండాకాలంలోనే, మా వైపు పెద్ద తుఫానొచ్చింది. అడవులదీవి వైపు ఇళ్లు పోయాయి, పడవలు పోయాయి. జనం అన్నం కోసం లైన్లలో నిలబడ్డ రోజుల్లో నాకు తట్టిందేమిటంటే, ఇదే అదను అని. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. బళ్లు మళ్లీ నడిచాక మొదటి శుక్రవారమే మాస్టారితో, పెట్టె కొట్టుకుపోయిందటండీ, కొట్టంతో సహా, అన్నాను. పీడ వదిలిందనుకున్నాను. ఆయన ముందు మనుషుల సంగతి అడిగారు, ఎవరికీ ఏమీ కాలేదు కదా అని. లేదన్నాను. చాలాసేపు అరచేత్తో సంచిని నిమురుతూ కూర్చున్నారు.

"అయితే నేను పూర్తి చేయాలండి. ఆయనది పోయింది కాబట్టి నాదైనా ఉండాలి."

అప్పటికి ఆయనకి పెద్దక్షరాల బోర్డులు తప్ప ఏవీ కనపడటం లేదు.

అందుకని నాకు గ్రీకు అక్షరాలు నేర్పారు. భాష కాదు, అక్షరాలు మాత్రం. ఇరవై నాలుగే, మీకెంతసేపండీ, అన్నారు. మూడు నెలలు పట్టింది. స్కేలు నా చేతికిచ్చారు. ఒక్కొక్క అక్షరం పేరూ నేను చదువుతుంటే, ఆయన కళ్లు మూసుకుని లోపల మాట కట్టుకునేవారు. మాట పూర్తవగానే వేలు పైకెత్తేవారు. పుట్టి బుద్ధెరిగాక నేను ఏదీ కలపకుండా చదివింది అదొక్కటే. కలుపుదామన్నా ఎక్కడ కలపాలో తెలియదు. సాంబయ్యా వాళ్లు పేకాట వేరే సీట్లలోకి మార్చుకున్నారు. పెట్టెలో నవ్వులు తగ్గిపోయాయి.

కష్టమైన మాట వచ్చినప్పుడల్లా ఆయన ఆ పెద్దాయనని తలుచుకునేవారు. పెద్దాయన ఇక్కడేం చేసి ఉంటాడో, అనేవారు. భాష రాని ఊళ్లో పన్నెండేళ్లు, ఎవరినడిగి ఉంటాడు పాపం, నాకు బాపట్ల ఉంది, ఆయనకేముంది, అనేవారు. నేను ఒక శుక్రవారం నాలుగు నిమిషాల్లో అల్లిన మనిషికి ఆయన జ్వరాలు తెప్పించారు, కొబ్బరాకు నీడ వెతికిపెట్టారు, ఇంటి మీద బెంగ పెట్టారు.

తొంభై ఒకటి శీతాకాలం, సోమవారం పొద్దున. నాలుగో అధ్యాయంలో, ఎండకి మాడుతున్న ప్రవక్తకి నీడనిచ్చే చెట్టు దగ్గరికొచ్చాం. హీబ్రూలో అది ఆముదపు చెట్టని పండితులంటారట. డెబ్బైమంది సొరపాదు చేశారట. మన తెలుగు బైబిల్లోనూ సొరే. ఏది రాయాలన్నది కాదండీ, గ్రీకులో సొర ఉంది కాబట్టి సొరే రాయాలి, కానీ పెద్దాయన ఏం చేశాడో తెలిస్తే కింద ఒక ముక్క రాద్దామని ఉంది, అన్నారు. నా వైపు తిరిగారు. కళ్లు నా మొహానికి కొంచెం పక్కన ఆగాయి.

"మీరు చేతులతో పట్టుకున్నారు కదండీ. గుర్తు తెచ్చుకోండి. కుడి పేజీలో ఏముంది, సొరా, ఆముదమా?"

పెన్సిలు నా చేతిలోనే ఉంది. నేను ఏది చెబితే అది రాయిస్తారు. అంచున నా పేరు రాయమంటారు, నా చేత్తోనే. సొర అంటే చాలు, తప్పు కూడా కాదు. మూడేళ్లలో అంతకంటే పెద్దవి ఎన్నో చెప్పాను. ఈసారి పెన్సిలు తీసి స్కేలు పక్కన పెట్టేశాను.

"అలాంటి పుస్తకం లేదండి" అన్నాను.

"తుఫానులో పోయింది కదండీ."

"పోలేదండి. అసలు లేదు. నేనే కల్పించాను."

బండి పెనుమర్రులో ఆగింది, కదిలింది. ఆయన వేలు ఇంకా పైకే ఉంది, అక్షరం కోసం ఎత్తినట్టు. దాన్ని మెల్లగా దించుకున్నారు.

"మరి ఆ ముసలమ్మ?"

"మిమ్మల్ని కాదనలేక అని ఉంటుందండి."

"సాంబయ్యగారికి తెలుసా?"

"తెలుసండి."

"పెట్టెలో అందరికీ?"

"తెలుసండి."

తల ఊపారు. ఆయన కోప్పడతారని, చెయ్యెత్తుతారని కూడా చూశాను. అదీ లేదు. సంచి తాడు వేలికి చుట్టుకుంటూ, విప్పుతూ కూర్చున్నారు. భట్టిప్రోలు దాటాక, నాతో కాదు, ఎదురుగా ఉన్న ఖాళీ సీటుతో అన్నట్టు అన్నారు: "మూడేళ్లు ఆయనతో మాట్లాడుకున్నానండి. ఇంట్లో పైకే మాట్లాడేవాణ్ణి. బాగా ఉండేది."

ఇంకాసేపటికి అన్నారు:

"ఆ మొదటి ఏడాది నాకు బాగా కనపడేదండి."

  నాలుగో అధ్యాయంలో పదకొండు వాక్యాలు. ఆయన వేగానికి నాలుగైదు నెలల పని.

రేపల్లెలో దిగేటప్పుడు చెయ్యి అందించాను. పట్టుకున్నారు, పట్టుకోక తప్పదు కాబట్టి. మెట్లు దిగి ప్లాట్‌ఫారం మీద కాలు పెట్టగానే వదిలేశారు. తర్వాతి శుక్రవారం స్కేలు కోసం చెయ్యి చాపితే, మీకు శ్రమెందుకండీ, బాపట్లలో పాస్టరుగారి మనవరాలు అక్షరాలు నేర్చుకుంటోంది, అన్నారు. అప్పుడూ ‘అండీ’ అనడం మానలేదు. అది మానేసి ఉంటే నాకు కొంచెం తేలిగ్గా ఉండేది. కొన్నాళ్లకి బాపట్లకే మకాం మార్చుకున్నారు, మళ్లీ రేపల్లె వచ్చింది ఆఖరి రోజుల్లోనే.

తొంభై మూడులో పుస్తకం వచ్చింది, ముప్పై రెండు పేజీలు. నాకొక కాపీ పోస్టులో పంపారు. ముందుమాటలో ఎవరి దగ్గర ఏ మాట విన్నారో అందరి పేర్లూ ఉన్నాయి, చేపలమ్మితో సహా. నా పేరు రెండు చోట్ల ఉంది. ‘గుర్రుపెట్టి’ అన్న మాట ఇచ్చినందుకు ఒకటి. నాలుగో అధ్యాయంలో ఆరో వాక్యం సగం వరకు గ్రీకు అక్షరాలు చదివి పెట్టినందుకు ఒకటి. సగం వరకు. నిజంగా అంతవరకే చదివాను. పెద్దాయన గురించి ఒక్క మాట లేదు, నా అబద్ధం గురించీ లేదు. నేను చేసినదాన్ని ఒక వీసం పెంచకుండా, ఒక వీసం తగ్గించకుండా రాశారు. ఆ పుస్తకం ఇంట్లో ఎవరికీ చూపించలేదు.

సాంబయ్య ఆయన పోయిన సంగతి చెప్పిన రోజు నేను ఆఫీసులో సంతకం పెట్టి, సెలవు చీటీ రాసిచ్చి, అడవులదీవి బస్సెక్కాను. ఆయన ఉండగా చేయవలసిన పనే. నేను పుట్టించిన పెట్టెని వెతుక్కుంటూ ఇంకెవరూ ఆ ఊరు రాకూడదు, ఉందని ఎవరూ అనుకోకూడదు, అంతవరకైనా శుభ్రం చేద్దామనుకున్నాను. మా అత్తగారి తరపువాళ్లు అక్కడెవరూ లేరు, ఎప్పుడూ లేరు. ఆ ఊళ్లో దిగడం నాకదే మొదటిసారి.

రేవు పక్క పాక ముందు అరవై ఏళ్లాయన వల బాగుచేసుకుంటున్నాడు. మాస్టారి పేరు చెప్పగానే గుర్తుపట్టాడు. పోయారని చెబితే చేతిలో సూది ఆపి, అయ్యో అన్నాడు. మా అమ్మనే అడిగాడండీ పెట్టె సంగతి, అన్నాడు. ఆ ముసలమ్మ కొడుకన్నమాట. నేను నిలబడే అంతా చెప్పాను. అలాంటి పెట్టె లేదని, పుస్తకం లేదని, రైల్లో పొద్దుపోక నేనే పుట్టించానని, మాస్టారికి కూడా చివరికి తెలిసిందని. ఆయన వింటూ ఒక ముడి వేశాడు, ఇంకో ముడి వేశాడు. మీరెవురండీ, అన్నాడు. గుమాస్తానన్నాను.

"మాస్టారు ఎనిమిది మాట్లొచ్చాడండీ ఈడికి. ఎండకి తువ్వాలు నెత్తినేసుకోని ఆ గట్టెమ్మటే నడిచొచ్చేవోడు. లేనిదానికోసరం అంత సదువుకున్నాయన వస్తాడా?"

"నేను అబద్ధం చెప్పబట్టి వచ్చారండి."

"మీరు చెబితే మటుకు? ఆయనకి తెలవదా? ఉంది కాబట్టే వచ్చాడు. మా అమ్మ చూసింది, ఆయన నమ్మాడు. తుఫాన్లో పోయింది, అంతే." వల ఒళ్లోంచి పక్కకి తీసి పెట్టి నా వైపు పూర్తిగా తిరిగాడు. కోపం లేదు మొహంలో, పెద్దరికం ఉంది. "ఆయన లేడు గదాని ఇప్పుడొచ్చి అట్టా అనమాకండి. పోయినోళ్ల మీద అబద్ధాలు చెప్పగూడదు. తప్పు."

"తప్పేనండి" అన్నాను.